అభ్యంతరం లేదు

సంతకానికి ముందు బొమ్మని చూసి రమ్మన్నారు.
పై వారం ప్రదర్శన, మంత్రిగారొస్తున్నారు.
"అందులో ఏదైనా ఉందేమో చూడవయ్యా" అన్నారు పెద్దసారు.
ఏదైనా అంటే ఏమిటో చెప్పలేదు.
ఇరవయ్యారేళ్ళ సర్వీసులో
ఆ మాటకి అర్థం అడిగినవాణ్ణి ఒక్కణ్ణే చూశాను,
మర్నాడే పాడేరు బదిలీ అయ్యాడు.

బీచ్ రోడ్డు హాల్లో, ఏసీ పనిచెయ్యని మూల,
నాలుగడుగుల కాన్వాసు.
గీసినావిడ సూరాడ దేముడమ్మ.
బొమ్మ పేరు: మా ఊరి సముద్రం, ఉదయం.

ఉదయం లేదు అందులో.
ఆకాశం ఇస్త్రీ చేసి మడతపెట్టిన ఖాకీ చొక్కా;
గుండీ ఒకటి ఊడి దారానికి వేలాడుతోంది,
దాన్నే సూర్యుడనుకోవాలి కాబోలు.
కింద డాల్ఫిన్ నోస్ కొండ
నీళ్ళు తాగడానికి వంగి, తాగకుండా ఆగిపోయింది,
ఎవరో వెనకనుంచి పేరుపెట్టి పిలిచినట్టు.
సముద్రం మాత్రం పద్ధతిగా ఉంది:
అల మీద అల పెట్టి, ఎర్రదారం కట్టి
ఫైళ్ళ బొత్తిలా ఒడ్డున పేర్చారు.

నోటుబుక్కు తీసి రాశాను:
చొక్కా – వాతావరణం.
కొండ – కొండ.
ఎర్రదారం – చేనేతకు ప్రోత్సాహం.

ఎర్రమట్టి దిబ్బల మీద ఒక తలుపు నిలబడి ఉంది.
గోడ లేదు, గుమ్మం లేదు.
తలుపు మీద సున్నంతో రాసిన నంబరు
ఇంకా తడిగా కారుతోంది.
చుట్టూ ఆరేసిన వలలు.
వలల్లో చేపలు కావు, తాళంచెవులు;
కొన్ని ఇంకా తోకలాడిస్తున్నాయి.

ఇక్కడ కలం కాసేపు ఆగింది.

నంబర్లు నాకు తెలుసు.
ఉద్యోగంలో చేరిన కొత్తలో
సున్నం డబ్బా, కుంచె పట్టుకుని
ఇంటింటి గోడకీ వేసింది నేనే.
ఏ ఊరో ఇప్పుడు చెప్పినా కండక్టరుకి తెలీదు,
ఆ స్టాపు లేదు.
ఓ ముసలావిడ మజ్జిగిచ్చి, పక్కనే నిలబడి
"అంకె వొంకర రానీకు బాబూ,
రేపు మా ఇల్లు మేవే గుర్తట్టాలి గదా" అంది.

దూరంగా పొగగొట్టం. దానికి వేళ్ళున్నాయి.
ఆ వేళ్ళని ఇద్దరు మనుషులు టేపుతో కొలుస్తున్నారు.
ఒకడు ధర చెప్పబోయినట్టు నోరు తెరిచాడు,
నోట్లోంచి ఉప్పు రాలుతోంది.

పారిశ్రామికాభివృద్ధి, అని రాశాను.
కొట్టేశాను.
మళ్ళీ అదే రాశాను.

నాలుగోసారి చూస్తేగాని కుర్చీలు కనబడలేదు.
ఇసకలో వరసలు వరసలు, అన్నీ సముద్రానికి వీపు పెట్టి
ఎవరి ఉపన్యాసమో వింటున్నట్టు.
కుర్చీలు ఖాళీ.
వాటి నీడలు మాత్రం ఖాళీగా లేవు.
సగం నీడలు చేతులెత్తి ఉన్నాయి.
చప్పట్లకో, ప్రశ్నకో, లాఠీకి అడ్డంగానో
ఒక్కటే కుంచెగీత,
దేనికైనా సరిపోతుంది.

ఆవిడ వచ్చింది.
కుచ్చిళ్ళకి నీలం రంగు, చేతిలో చల్లారిన టీ.
"అమ్మా, ఈ చేతులకి అర్థం..."
"నాకేటి తెల్సు బాబూ,
సెయ్యెత్తినోన్ని అడగండి."
ఒక గుక్క తాగి, నన్ను తేరిపార చూసి
"తవరేటనుకున్నారు?" అంది.

ఆ ప్రశ్నకి ఫారంలో గడి లేదు.

పోర్టు వైపునుంచి గాలి మళ్ళింది.
కిటికీ అంచు మీద వేలు రాస్తే బొగ్గు నుసి.
పాతపోస్టాఫీసు వీధిలో మా ఇంట్లో
ఇదే నుసిని మా ఆవిడ పూటకోసారి తుడిచి
"ఇవాళ తక్కువేలెండి" అంటుంది,
ఏ రోజూ కొలిచింది లేదు.
నేనూ ఔనంటాను.

చివరికి రాసింది ఇంతే:
ప్రకృతి దృశ్యం.
వ్యక్తులెవరూ లేరు.
అభ్యంతరం లేదు.

కింద సంతకం, తేదీ,
అంకెలు వంకర రాకుండా.